నీలం అతుకు గోతంలో జోగ్ జలపాతం

రాయచెర్లు,
19-4-1987

హనుమక్కత్తకు రత్న రాసేది,

ఈ ఉత్తరం చదివిన వెంటనే పొయ్యిలో వెయ్యి. బాగున్నావా అని తర్వాత అడుగుతాను.

ఈ ఇంట్లో తెలుగు చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు. కర్ణాటక బడిలో చదివిన నాయనకు కన్నడ అక్షరాలే వచ్చు, అమ్మకు అవీ రావు. అయినా తలుపు మూసుకుని రాస్తున్నాను. ఫోటోలు పోయాయి అత్తా. నిజంగా పోయి ఉంటే బాగుండేది. అవి ఇంట్లోనే ఉన్నాయి.

తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటే దసరా దగ్గరికే పోతున్నాను. ఎక్స్‌కర్షన్‌కు పంపమంటే నాయన వద్దన్నాడు. హిందూపురంలో నీ ఇంట్లో ఉండి చదువుతున్నాను కదా అని నీ కాళ్ళావేళ్ళా పడితే, స్కూలు కాగితం మీద నువ్వు సంతకం పెట్టావు. సెలవుల్లో స్పెషల్ క్లాసులు ఉన్నాయని నేను ఇంటికి అబద్ధం రాశాను. మైసూరు, బేలూరు, జోగ్ చూసి వచ్చాను. మా క్లాస్ టీచర్ తీసిన ఫోటోల్లో పద్నాలుగు నాకిచ్చింది. నీ పెట్టెలో పెట్టి రమ్మన్నావు. నేను వినలేదు. వేసవి సెలవులంతా చూసుకోవచ్చని ఇంగ్లీష్ టెక్స్ట్‌బుక్కులో దాచి తెచ్చుకున్నాను.

మొన్న అమ్మ ఉతకడానికని నా బ్యాగ్ మొత్తం కింద కుమ్మరించింది. ఫోటోల కవరు లాక్కుని, ఎక్కడికి పోతున్నానో తెలియకుండానే విత్తనాల గదిలోకి పరుగెత్తాను. నాయన అప్పుడే పురుగుల పొడి కలిపిన శెనక్కాయలు గోతాలకు నింపుతున్నాడు. పురికొస కోసం బయటికి పోయాడు. సగం నిండిన గోతంలో కవరు తోసి, మీద కాయలు కప్పేశాను. మధ్యాహ్నం వచ్చి తీసుకుందాం అనుకున్నాను. మధ్యాహ్నానికి నాయన అన్ని గోతాల మూతులూ దబ్బనంతో కుట్టేసి, గోడ వారగా పేర్చేశాడు. నా గోతానికి నీలం అతుకు ఉంది. దాని మీద నాలుగు గోతాలు ఉన్నాయి.

వాన పడేదాకా విత్తనం గోతం మూతి విప్పేది లేదని నాయన పట్టుదల నీకు తెలుసు. పోయినేడు తిండికి లేక ఒక గోతం విప్పి వేయించుకు తిన్నాం, తీరా వాన పడితే మెట్ట చేనికి విత్తనం చాలలేదు. ఈ ఏడు తలుపుకు అడ్డంగా మంచం వేసుకుని కాపలా ఉన్నాడు.

టూర్ సంగతి తెలిస్తే నన్ను టెన్త్‌కు పంపడు అత్తా. నాకు టెన్త్ చదవాలని ఉంది. ఏం చెయ్యమంటావో రాయి.

నీ రత్న

*

హిందూపురం,
25-4-1987

రత్నా,

ఉత్తరం పొయ్యిలో వేయలేదు. నా టీచర్ బుద్ధికి కాగితం కాల్చడం చేతకాదు. భద్రంగా ఉంది, భయపడకు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. కానీ శెనక్కాయల గోతంలో జోగ్ జలపాతాన్ని కుట్టి పెట్టిన మనిషి మన వంశంలో నువ్వొక్కదానివే అని తలుచుకుంటే నవ్వు ఆగలేదు. తిట్లు సెలవుల తర్వాత.

ఇప్పుడు టీచర్‌గా అడుగుతున్నాను, జవాబు రాయి. దేంట్లో చుట్టావు? ప్లాస్టిక్ కవరే అయితే పొడి లోపలికి పోదు, మంచిదే. మధ్య మధ్య పలచని కాగితాలు పెట్టావా? లేకపోతే ఆ రేకుల గది వేడికి ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రేపు చేతికొచ్చినప్పుడు అట్లా అతుక్కున్నవాటిని మాత్రం లాగి పీకకు. పాడైతే పాడవుతాయి. నెగెటివులు మీ టీచర్ దగ్గర ఉన్నాయి, మళ్ళీ కడిగించుకోవచ్చు. చదువు పోతే కడిగించుకోలేం. నీ భయం దేని గురించో నువ్వే తేల్చుకో.

ఇంకో పని చెయ్యి. ఆ పద్నాలుగు ఫోటోలూ ఇప్పుడు నీకు కనపడవు కదా. ఒక నోట్‌బుక్ తీసుకుని, ఒక్కో ఫోటోకు ఒక్కో పేజీ ఇచ్చి, అందులో ఏముందో, తీసిన నిమిషంలో ఎవరేమన్నారో, ఫోటోలో పడకుండా పక్కన ఏముందో అన్నీ రాయి. బీరువాలో ఉన్న ఫోటోలను ఎవరూ ఇంతగా చూడరు.

మీ నాయనతో నాకు మాట్లాడాలని ఉంది. ఇప్పుడు కాదు. ఎందుకు కాదో కూడా ఇప్పుడు రాయలేను.

అత్త

*

రాయచెర్లు,
11-5-1987

అత్తా,

ప్లాస్టిక్ కవరే. మధ్యలో కాగితాలు పెట్టలేదు.

ఊరంతా ఆకాశం వైపే చూస్తోంది. మబ్బు కాస్త నల్లబడితే చాలు, ఓబక్క తన గుడిసె ముందు నిలబడి "ఇటు రా సామీ, ఇటు రా, ఆ పక్క యాడికి పోతావు" అని చెయ్యి ఊపి మరీ పిలుస్తుంది. కూలి పనికి మన ఇంటికి వచ్చే ఓబక్కే, గుర్తుందా? అందరూ వాన కోసం మొక్కుతుంటే, ఇంకో నాలుగు దినాలు ఆగితే బాగుండని మనసులో అనుకునేది నేనొక్కదాన్నే. నాయన మెడ చూస్తే ఎముకలు కనపడుతున్నాయి. అట్లాంటి నాయనకు వాన రాకూడదని కోరుకునే కూతురు ఎవరైనా ఉంటారా? నాకు నా మీదే అసహ్యంగా ఉంది.

నోట్‌బుక్‌లో పదకొండు ఫోటోలు అయ్యాయి. పదకొండో ఫోటో రాయడానికి భయమేసింది గానీ రాశాను. "జోగ్ దగ్గర తుంపర్లకు బట్టలు తడిసిపోతే, ఫ్రెండ్ పాంటు చొక్కా ఇచ్చింది. నేను పాంటు వేసుకున్నాను. జుట్టు విరబోసి ఉంది. నోరంతా తెరిచి నవ్వుతున్నాను. ఫోటోలో పడని సంగతి: ఆ సమయంలో మా నాయన ఇక్కడ ఎండిన బావిలో దిగి బురద తోడుతున్నాడు." ఇది రాశాక నోట్‌బుక్ మూసేశాను.

ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. దసరాకు నాయన వద్దన్నప్పుడు ఆడపిల్లవనో, దూరమనో అనలేదు. "పోతే ఫోటోలు తీస్తారు. ఫోటోల పని మనకొద్దు" అన్నాడు. నేను విచిత్రంగా చూస్తే లేచి వెళ్ళిపోయాడు. ఫోటోలంటే ఆయనకెందుకంత కోపం?

రత్న

*

హిందూపురం,
18-5-1987

రత్నా,

ఇరవై ఐదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను.

నేను పావగడలో ఎనిమిదో క్లాసు చదివేటప్పుడు మమ్మల్ని హంపీకి తీసుకుపోయారు. అందరూ నిలబడిన గ్రూప్ ఫోటో ఒకటి ఇచ్చారు. ఇంటికి తెచ్చాను. మీ నాయనకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ ఫోటో చూసి నాకంటే ఆయనే ఎక్కువ మురిసిపోయాడు. చొక్కా జేబులో పెట్టుకుని, "మా హనుమ హంపీ చూసొచ్చింది, సూడండ్రప్పా" అని టీ అంగడి దగ్గర, గానుగ దగ్గర, కనపడిన ప్రతి మనిషికీ చూపించాడు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. చెల్లెలంటే అంత గొప్ప.

ఫోటోలో నా పక్కన డ్రిల్ మాస్టర్ నిలబడి ఉన్నాడు. స్థలం చాలక నిలబడ్డాడు, అంతే. ఎవరో ఏదో అన్నారు. ఆ మాట తిరిగి తిరిగి మీ తాతకు చేరింది. తాత ఫోటోను నాలుగు ముక్కలు చేసి, నా పుస్తకాలు అటక మీద పడేశాడు. రెండేళ్ళు నేను ఇంట్లోనే శెనక్కాయలు ఒలిచాను. మీ నాయనే తాత కాళ్ళు పట్టుకుని మళ్ళీ నన్ను బడిలో చేర్పించాడు. నేను టీచరైంది ఆయన వల్లే, ఆ రెండేళ్ళు పోయింది కూడా ఆయన వల్లే. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇదంతా తెలిసి కూడా ఆయనకు చెప్పకుండా నీ కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టేటప్పుడు నాలో ఎక్కడో కొంచెం పంతం కూడా ఉందేమో. వచ్చే ఆదివారం బస్సుకు వస్తాను. నేనే చెబుతాను. నువ్వు నోరు మెదపక్కర్లేదు.

అత్త

*

రాయచెర్లు,
23-5-1987

అత్తా,

రావద్దు. ఈ ఉత్తరం పావగడ పోయే కండక్టర్ చేతికిచ్చి, హిందూపురం బస్సులో వేయించమని చెప్పాను, ఆదివారం లోపల నీకు అందాలి.

నువ్వొచ్చి చెబితే అది మళ్ళీ నీకూ నాయనకూ జరిగే గొడవ అవుతుంది. టూర్‌కు పోయింది నేను. అబద్ధం రాసింది నేను. గోతంలో పెట్టింది నేను. చెబితే నేనే చెబుతాను.

భయం పోలేదు. నిన్న నాయన ఒక్కడే వసారాలో కూర్చుని విత్తనం వేసే గొర్రుకు కొత్త తాళ్ళు కడుతుంటే పోయి పక్కన కూర్చున్నాను. "నాయనా" అన్నాను. "ఏందమ్మా" అన్నాడు. "దప్పికైతాందా?" అని అడిగి మజ్జిగ తెచ్చిచ్చి వచ్చేశాను. మూడుసార్లు అట్లా జరిగింది. చివరికి ఆయనే, "ఏంది పాపా, ఈ పొద్దు కడుపంతా మజ్జిగతోనే నింపుతావా?" అన్నాడు.

కానీ ఒకటి తేల్చుకున్నాను. నువ్వు అడిగావు కదా నా భయం దేని గురించి అని. ఫోటోల గురించి కాదు. అప్పుడు రెండేళ్ళు నువ్వు కాయలు ఒలిచిన ఆ వసారాలోనే నేనూ కూర్చుండిపోతానేమోనని. కూర్చోను. ఎట్లాగో తెలియదు, కానీ కూర్చోను.

పద్నాలుగు పేజీలూ రాయడం అయిపోయింది. ఇంకో ఆరు పేజీలు ఫోటో తీయని వాటి గురించి రాశాను.

రత్న

*

హిందూపురం,
17-6-1987

రత్నా,

నీ మాట విన్నాను, రాలేదు. బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను.

స్కూలు మొన్న తెరిచారు. నెలాఖరు లోపల రాకపోతే పేరు తీసేస్తామని హెడ్‌మిస్ట్రెస్ అంది. నిన్న ఇక్కడ పెద్ద వాన. అది మీవైపే కదిలింది. దాన్ని చూసి సంతోషించాలో లేదో తెలియక వసారాలో చాలాసేపు నిలబడ్డాను.

అత్త

*

రాయచెర్లు,
27-6-1987

అత్తా,

ఇది పెద్ద ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువు.

నువ్వు చూసిన వానే పోయిన వారం శుక్రవారం మాకు వచ్చింది. మొదటి చినుకులకు నాయన చేనులో ఉన్నాడు. గొడుగు తీసుకుని పోతే "తీసుకోని పో దాన్ని" అని అరిచాడు. తడుస్తూ నిలబడ్డాడు. వాన రాకూడదని రెండు నెలలు కోరుకున్న నేను ఆయన పక్కనే తడుస్తూ ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియలేదు.

మరుసటి రోజు మొదటి గోతానికి కుంకుమ పెట్టి మూతి విప్పారు. ఓబక్క, సుంకమ్మ, ఇంకో నలుగురు కాయలు ఒలవడానికి వచ్చారు. విత్తనానికి చేత్తోనే ఒలవాలి, మిషన్‌లో వేస్తే గింజ పగిలి మొలక రాదు. ఒలిచేటప్పుడు నోరు ఊరికే ఉంటే గింజలు నోట్లోకి పోతాయని, పాటలు పాడమనో మాట్లాడమనో చెప్పడం మన పద్ధతే కదా. నాయన గడప దగ్గర నిలబడి, "మాట్లాడుతాండండి తల్లీ, నోళ్ళు మూసినారంటే నా చేను మీ కడుపులో మొలుస్తాది" అన్నాడు.

నీలం అతుకు గోతం నేనే విప్పాలని వాళ్ళ మధ్యలో తిష్ట వేసుకున్నాను. రెండో రోజు అది బయటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ బోరింగ్ దగ్గరికి నీళ్ళకు పంపింది. బిందె నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గోతం విప్పేసి ఉంది. ఓబక్క కాళ్ళు ముడుచుకుని వింతగా కూర్చుని ఉంది.

"ఏంది ఓబక్కా, అట్ల కూర్చున్నావు?"

"గుడ్లు పెట్టినాను పాపా. పొదుగుతాండా."

అందరూ కిసుక్కుమన్నారు. ఓబక్క కొంచెం లేచి, చీర కింద నుంచి కవరు తీసింది. "కాయల్లో కాయ మాదిరి దొరికింది. మీ నాయన చూడకముందే కూర్చున్నాను. ఎవురివి ఇవి?"

"నావే" అన్నాను. బిందె దించి చెయ్యి చాచాను. "నావే. తీసి దాచినావు, పుణ్యముంటాది, ఇచ్చేయి."

"ఊరికే ఇచ్చేదానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? నోళ్ళు తెరిచి పెట్టమని మీ నాయనే చెప్పినాడు. చూపించు, ఏమేముండాయో చెప్పు. మేము ఒలుస్తాంటాము."

బేలూరువి రెండు అతుక్కుపోయి ఉన్నాయి. మిగతా వాటి మీద తెల్లటి పొడి చుక్కలు పడ్డాయి. ఒక్కొక్కటి తీసి చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాను. నోట్‌బుక్‌లో రాసినవన్నీ వరసగా వచ్చేశాయి అత్తా, ఎక్కడా తడుముకోలేదు. మైసూరు ప్యాలెస్‌లో చెప్పులు పోగొట్టుకున్నది, బేలూరులో గైడు ఇంగ్లీష్‌కు మా టీచర్ నవ్వాపుకోలేనిది, అన్నీ. పాంటు ఫోటో దగ్గర సుంకమ్మ, "ఈ మొగపిల్లోడు ఎవురు, మంచిగుండాడు?" అంది.

"నేనే సుంకమ్మా."

వసారా అంతా నవ్వులు. "అయితే నీకు పిల్లోడిని వెతికేది లేదు, పిల్లనే వెతకాల!" అని ఎవరో అన్నారు.

తర్వాత జోగ్. ఆ ఫోటో చేతికిచ్చాక ఎవరూ నవ్వలేదు. ఒలవడం కూడా ఆగింది. ఓబక్క దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇన్ని నీళ్ళు ఊరికే పడిపోతాండాయా?"

"ఊరికేనే."

"కింద ఎవురూ పట్టుకునేటోళ్ళు లేరా?"

"లేరు ఓబక్కా."

"థూ, బుద్ధిలేనోళ్ళు" అంది. ఎవర్ని తిట్టిందో నాకు తెలియదు.

నోళ్ళు ఆగేసరికి గింజలు తింటున్నారేమోనని నాయన లోపలికి వచ్చాడు. ఓబక్క ఫోటోను చీర కిందికి తోసేయబోయింది. నేనే ఆపాను. లేచి నిలబడి ఫోటో నాయన చేతికిచ్చాను.

"యాడిది ఇది?"

"జోగ్ నాయనా."

"ఎవురు పోయినారు?"

"నేను. దసరాకు. స్పెషల్ క్లాసులని రాసింది అబద్ధం. సంతకం పెట్టమని అత్తను నేనే ఏడ్చి అడిగినాను. అత్తను ఏమీ అనొద్దు. నన్ను కొట్టు. కానీ టెన్త్ మాత్రం నేను చదువుతాను. మాన్పించినా చదువుతాను."

ఎప్పుడు ఇంత గట్టిగా మాట్లాడానో నాకే తెలియదు. సుంకమ్మ చేతిలోని చేట జారి గింజలు చెదిరాయి. వాటిని ఎవరూ ఏరలేదు.

నాయన మిగతా ఫోటోలు కూడా అడిగి తీసుకున్నాడు. పాంటు ఫోటో దగ్గర చాలాసేపు ఆగాడు. పొడి చుక్కలను బొటనవేలితో మెల్లగా తుడిచాడు.

"ఊర్లో ఎవురికైనా చూపించినావా?"

"ఈ పొద్దే వీళ్ళకు."

"మీ యత్త ఫోటో నేను ఊరంతా చూపించినాను" అన్నాడు. అంతసేపూ నా వైపు చూడలేదు. "నోరు మూసుకోలేక. ఈ తూరి నేను నోరు తెరవను. ఎవురడిగినా నువ్వే చెప్పు. ఇప్పుడు చెప్పినట్ల, నిలబడి చెప్పు. దాపెట్టినాను అనే మాట మాత్రం మల్లా నాకు వినపడకూడదు."

ఫోటోలు నా ఒళ్ళో పెట్టి పోయాడు. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అబద్ధానికి అదే శిక్ష అనుకుంటాను, కొట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆ మూడు రోజులూ విత్తనం పడుతుంటే నేను గొర్రు వెనకే నడిచి గింజలు వేశాను. మొన్న, ఆఖరి సాళ్ళలో ఉండగా, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అన్ని నీళ్ళు పడితే సద్దు ఎట్లుంటాది?"

"పక్కనోళ్ళు మాట్లాడితే వినపడదు నాయనా."

గట్టు దాకా పోయి, ఎద్దులను తిప్పుకుని వచ్చాడు.

"సోమారం తొలి బస్సుకు పో. పేరు తీసేస్తారంట గదా. మీ యత్త రాసిందంట, ఓబక్క చెప్పింది. మీరు రాసుకునే ఉత్తరాలు చదవడం నాకు రాదని చెప్పకుంటే ఎట్ల? ఓబక్కకు నువ్వే చదివి వినిపించినావంట."

నిజమే, ఒకే ఒకటి, పోయినవారం. అందులో రహస్యమేమీ లేదు, అందుకే.

ఫోటోలతో ఏం చేశానో చెప్పాలి. పాత క్యాలెండరు అట్టలు నాలుగు తీసుకుని, వెనకవైపు ఫోటో మూలలు దూరేట్టు బ్లేడుతో చీలికలు చేశాను. జిగురు పెట్టలేదు, జిగురు పెడితే పాడవుతాయి కదా. కింద కన్నడలో ఒక్కో లైను రాశాను, నాయన చదువుకోవడానికి. అట్టలు పురికొసతో కలిపి వసారాలో వేలాడదీశాను. కలుపు తీసేటప్పుడు, కాయ పీకేటప్పుడు కూలికి వచ్చేవాళ్ళు చూస్తారు. పాంటు ఫోటో కూడా అందులోనే ఉంది. దాని కింద "నేను, రత్న" అని రాశాను.

జోగ్ ఫోటో ఉన్న చోట మాత్రం చీలికలు ఖాళీ. ఓబక్క ఇవ్వనంది. "కాయ పీకేదాకా నా తావే ఉంటాది. ఆ మబ్బులకు రోజూ చూపిస్తాండాను, నేర్చుకుంటాయి" అంది.

సోమవారం వస్తున్నాను.

రత్న

*

(పోస్టుకార్డు. తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో.)

హిందూపురం,
1-7-1987

నరసింహప్పన్నకు చెల్లెలు హనుమక్క రాయునది.

రత్న క్షేమంగా చేరింది. టెన్త్‌లో పేరు అట్లాగే ఉంది. నువ్వు చదువుకోవాలని ఈ అక్షరాల్లో రాస్తున్నాను, తప్పులుంటే నవ్వుకో. రత్న చీలికలు కోసిన అట్ట ఒకటి నా కోసం కూడా తెచ్చింది, ఖాళీది. హంపీ ఫోటోకు అంటోంది. ఈ దసరాకు నువ్వు, నేను, వదిన, రత్న నలుగురం హంపీకి పోదాం. ఫోటో తీయిస్తాను. నువ్వు నా పక్కన నిలబడాలి. తెచ్చాక జేబులో పెట్టుకుని ఎక్కడ చూపించుకుంటావో నీ ఇష్టం.

ఇది కార్డు కాబట్టి ఇచ్చేముందు పోస్టుమ్యాన్ కూడా చదువుతాడు. చదవనీ.